నీళ్ళు పడని బాబాయిగారు

మొన్న జ్వరం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆవిడ "నాలుక చూపించండి" అంది. నాకు నవ్వొచ్చింది. నాలుక బయటపెట్టి నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. చిన్నపిల్ల, కొత్తగా ప్రాక్టీసు పెట్టింది పాపం, జ్వరం తలకెక్కిందేమోనని థర్మామీటరు మళ్ళీ పెట్టి చూసింది. ఏం చెప్పను ఆవిడకి? నాలుక అన్న మాట వినపడితే చాలు, నాకు గుర్తొచ్చేది మా ఫ్యాక్టరీ స్టోర్సు బాబాయిగారే.

బాబాయిగారంటే నాకు చుట్టం కాదు. ఫ్యాక్టరీలో అందరికీ బాబాయిగారే. లారీ డ్రైవర్లకీ, ఆయన కంటే పెద్దవాడైన ఫిట్టరు మేస్త్రికీ కూడా. అసలు పేరు జీతాల రోజున మాత్రమే వినపడేది. అప్పుడు కూడా ఆయన వెంటనే పలికేవారు కాదు.

అవి ఎనభైల నాటి రోజులు. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే రోడ్డు మీద మా మామిడి రసం ఫ్యాక్టరీ ఉండేది. నేను అందులో టైపిస్టుని. వేసవి వచ్చిందంటే ఆ రోడ్డంతా కలెక్టరు కాయల లారీలే. బయటివాళ్ళకి కలెక్టరంటే జిల్లా అధికారి, మాకు మాత్రం ముక్కు వంకర తిరిగిన మామిడికాయ. సీజనులో చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఆడవాళ్ళు గుంపులుగా వచ్చి కాయలు కోసేవారు. వానలు పడగానే మెషిన్లు ఆగిపోయేవి, వాళ్ళు నాట్లకి వెళ్ళిపోయేవారు. ఇక మిగిలేది పర్మనెంటు వాళ్ళం, పాతికమందిమి. మిగతా ఏడాదంతా మెషిన్లకు నూనె రాసుకుంటూ, డబ్బాల మీద దుమ్ము దులుపుకుంటూ, ఒకరి కేరేజీ ఒకరం తింటూ గడిపేవాళ్ళం.

బాబాయిగారు స్టోర్సు కీపరు. పంచదార బస్తాలు, ఖాళీ డబ్బాలు, లేబుళ్ళు ఆయన అధీనంలో ఉండేవి. మనిషి సన్నగా, పొడుగ్గా, తీగ మీద ఆరేసిన పంచెలా ఉండేవారు. రోహిణీకార్తెలో కూడా చెవులకి తుండు చుట్టుకునేవారు. పొద్దున్నే ఎవరు ఎదురైనా నమస్కారానికి బదులు నాలుక చాపేవారు.

"కాస్త చూసి చెప్పమ్మా. తెల్లగా ఉందా, పసుపుపచ్చగా ఉందా?"

"ఎర్రగానే ఉంది బాబాయిగారూ."

"సరిగ్గా చూడు. ఉండు, వెలుతుర్లోకి వస్తాను."

వెలుతుర్లోనూ ఎర్రగానే ఉండేది. ఆయన నమ్మేవారు కాదు. "నీకు అలవాటు లేదమ్మా, అందుకే తెలియట్లేదు" అని నా మీద జాలిపడి వెళ్ళిపోయేవారు. ఒకసారి కొత్తగా వచ్చిన లారీ డ్రైవరుకి ఇలాగే నాలుక చూపిస్తే, అతను వెక్కిరించారనుకుని చొక్కా చేతులు పైకి మడిచాడు. మేమంతా అడ్డుపడి, "ఆయన వెక్కిరించట్లేదయ్యా, నిన్ను సలహా అడుగుతున్నారు" అని సర్దిచెప్పాల్సి వచ్చింది.

ఇంకో అలవాటు నాడి చూసుకోవడం. కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని, గోడమీద గడియారం వంక చూస్తూ మాట్లాడేవారు. బస్తాలు దింపుతున్నప్పుడు కూడా అంతే. ఒకసారి పంచదార బస్తాలు డెబ్భై ఆరని నాచేత టైపు చేయించి, తర్వాత పరుగెత్తుకొచ్చారు. "అమ్మా, అది కొట్టేయ్. డెబ్భై ఆరు నా నాడి. బస్తాలు యాభయ్యే."

అన్నిటికన్నా పెద్ద పట్టింపు నీళ్ళు. ఆయన వాళ్ళ ఇంటి నూతి నీళ్ళు తప్ప వేరేవి తాగేవారు కాదు. ఫ్యాక్టరీ బోరునీళ్ళు మేమందరం తాగి బతికే ఉన్నా సరే, ఆయన మాత్రం మూతకి గుడ్డ కట్టిన స్టీలు క్యానుతో వచ్చేవారు. "మనిషంటే నీళ్ళేనమ్మా. మిగతాదంతా చొక్కా" అనేవారు. బావమరిది పెళ్ళికి మైలవరం వెళ్ళి, తెచ్చుకున్న నీళ్ళు అయిపోతే గుక్కెడు కూడా తాగనని భీష్మించుకుని, తలంబ్రాల వేళకి కళ్ళుతిరిగి పడిపోయారట. అక్షింతలు వేయాల్సినవాళ్ళంతా ఈయన మొహాన నీళ్ళు చల్లారట. "మొహాన చల్లినా పళ్ళు బిగించుకునే ఉన్నారమ్మా, ఒక్క చుక్క లోపలికి పోకుండా" అని పిన్నిగారు చెప్పేది. పిన్నిగారంటే ఆయన భార్య. పొట్టిగా, గట్టిగా ఉండేది, మాట కూడా అంతే.

ఇలా ఉండగా మా పెద్ద యజమాని పోయారు. ఫ్యాక్టరీ అల్లుడి చేతికి వచ్చింది. అల్లుడుగారు మద్రాసు నుంచి ఒక కుర్ర మేనేజరుని పంపించారు. ఆ మేనేజరుకి తెలుగు బాగానే వచ్చు గానీ, కోపం వస్తే ఇంగ్లీషులోకి వెళ్ళిపోయేవారు. వచ్చిన వారానికే ఆయనకు మా సంగతి అర్థమైపోయింది. సీజను లేనప్పుడు ఈ పాతికమందికీ జీతాలెందుకు?

ఒకరోజు నన్ను పిలిచి డిక్టేషన్ ఇవ్వడం మొదలుపెట్టారు. కంపెనీ ఆదిలాబాదు జిల్లా చివర, మహారాష్ట్ర పొలిమేరల్లో కొత్తగా నారింజ రసం యూనిట్ పెడుతోంది. ఫలానా ఉద్యోగిని అక్కడికి బదిలీ చేయడమైనది. నెలాఖరులోగా చేరని పక్షంలో ఉద్యోగం వదులుకున్నట్టే భావించబడును. పేర్లు మాత్రం మార్చి, అదే ఆర్డరు మళ్ళీ మళ్ళీ కొట్టాను. మధ్యలో ఒక పేరు నాది. మేనేజరుగారు ఆగకుండా చెప్పారు, నేనూ ఆగకుండా కొట్టాను. స్పెల్లింగు కూడా తప్పు పోలేదు. లైను చివర టైపు మిషను గంట కొట్టాక గానీ అది నేనేనని తట్టలేదు.

"సార్, ఇది నేను కదండీ?"

"అవునమ్మా. కాగితం మార్చు."

మాకు నాన్న లేరు. అమ్మ, ఇంటర్మీడియెట్ చదువుతున్న తమ్ముడు, నేను. ఇల్లు నా జీతం మీద నడుస్తోంది. వాళ్ళిద్దర్నీ వదిలి ఆ పొలిమేరలకి నేనెలా వెళ్ళగలను?

ప్రతి ఆర్డరు కిందా ఇంకో కాగితం గుండుసూదితో గుచ్చాం. అది రాజీనామా. సొంత కారణాలవల్ల ఉద్యోగం మానుకుంటున్నానని అందులో ముందే కొట్టి ఉంది, సంతకం పెట్టడమే తరువాయి. ఫిట్టరు మేస్త్రి రెండు కాగితాలూ చూసి సంగతి తేల్చేశాడు. "మనల్ని తీసేస్తే చట్టప్రకారం నష్టపరిహారం ఇవ్వాలి. మనమే మానేస్తే ఏమీ ఇవ్వక్కర్లేదు. బదిలీ గిదిలీ ఏమీ లేదు. రెండో కాగితం కోసమే మొదటి కాగితం."

మేనేజరుగారికి అందరికంటే బాబాయిగారి మీదే నమ్మకం. మైలవరం నీళ్ళే పడని మనిషి ఆదిలాబాదు వెళ్తాడా? ముందు ఆయన సంతకం పెడితే, వెనక అందరూ పెడతారు. అందుకే మొదటి ఆర్డరు ఆయనకే ఇచ్చి, తన పెన్ను కూడా మూత తీసి అందించారు. బాబాయిగారు ఆర్డరు ఒక చేత్తో పట్టుకుని, నాడి చూసుకోవడానికి రెండో చెయ్యి చాలక, ఆ చెయ్యి మేనేజరుగారికే చాపారు. "కాస్త పట్టుకోండి సార్, కొట్టుకుంటోందా?" మేనేజరుగారు ఇంగ్లీషులోకి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. నాకేం చేయాలో తెలియలేదు, ఎవర్నయినా అడగాలి. బాబాయిగారు అరుగుమీద కూర్చుని రాజీనామా కాగితం మోకాలిమీద పెట్టుకున్నారు. పెన్ను చేతిలో ఉంది. పిన్నిగారు చింతపండు పిక్క తీస్తోంది.

"సంతకం పెడితే ఏమిస్తారంట?" అందావిడ.

"ఏమీ ఇవ్వరు. మనంతట మనమే మానేసినట్టు."

"మనంతట మనం మానేస్తున్నామా?"

"లేదే."

"మరి అబద్ధానికి సంతకం ఎందుకు?"

బాబాయిగారు పెన్ను దించారు. "అయితే వెళ్ళాలిగా. వెళ్తే అక్కడి నీళ్ళకి చచ్చిపోతాను."

"పెళ్ళయినకాడ్నించీ చచ్చిపోతానంటానే ఉన్నారు. ఇక్కడ పోతే మీ ఖర్మ. అక్కడ పోతే డ్యూటీలో పోయినట్టు. ఏదో ఒకటి తేల్చుకోండి, అమ్మాయి నుంచునే ఉంది."

ఆయన రాజీనామా కాగితాన్ని నాలుగు మడతలు వేసి, ఊగుతున్న నీళ్ళ బిందె కింద పెట్టారు. బిందె ఊగడం ఆగింది. "అమ్మాయ్, నువ్వు సంతకం పెట్టకు" అన్నారు. "నేను ముందెళ్ళి చూసొస్తాను. బతికుంటే కబురు చేస్తాను."

బాబాయిగారు బయల్దేరిన రోజున మేమంతా బస్టాండుకి వెళ్ళాం. ఆయన పక్కన రెండు పెద్ద డబ్బాలు, నిండా నూతి నీళ్ళు. కండక్టరు వాటికి లగేజీ టిక్కెట్టు కొట్టాలన్నాడు.

"నీళ్ళకి టిక్కెట్టేంటయ్యా? కడుపులో పోసుకుని ఎక్కితే కొడతావా?"

"పోసుకోండి చూద్దాం" అన్నాడు కండక్టరు.

బస్సంతా నవ్వింది. మేమూ నవ్వాం. చివరికి ఫిట్టరు మేస్త్రి టిక్కెట్టు కొన్నాడు. బస్సు కదిలింది. పిన్నిగారు మాత్రం చెయ్యి ఊపలేదు, బస్సు మలుపు తిరిగేదాకా అలాగే చూస్తూ నిలబడింది.

ఆ నీళ్ళు కాజీపేట దాటలేదట. రైలు పెట్టెలో ఎండ పేలిపోతోంది, ఎదురుగా ఒకావిడ ఒళ్ళో పిల్ల నీళ్ళకి ఏడ్చింది. ఒక గ్లాసు పోశారు. అది చూసి పక్కావిడ అడిగింది. ఆ తర్వాత పెట్టెంతా అడిగింది. "లేదనడానికి నోరు రాలేదమ్మా, డబ్బాలేమో ఎదురుగా కనపడుతున్నాయి" అని తర్వాత చెప్పారు. రైలు దిగి బస్సు, ఆ బస్సు ఆగిపోయాక ఎడ్లబండి. ఊరు చేరేసరికి డబ్బాలు ఖాళీ.

అక్కడ ఒక రేకుల షెడ్డు, దాన్నిండా మేకలు. గుమ్మంలో ఒక ముసలాయన. ఆయన కంపెనీ పెట్టిన వాచ్‌మనే, మేకలు మాత్రం ఆయన సొంతం.

"ఫ్యాక్టరీ ఎక్కడండీ?" అని అడిగారు బాబాయిగారు.

"గిదే."

"మెషిన్లు?"

"అవి రాలె. ఎప్పుడొస్తయో నాకేమెరుక?"

"ఇంకెవరైనా వచ్చారా?"

"ఎవ్వలు రాలె. నువ్వే మొదలు."

దాహంతో నాలుక పిడచగట్టుకుపోయి ఉంది. బాబాయిగారు అలవాటుకొద్దీ అదే చాపి చూపించారు. ముసలాయన దాన్ని చూసి ముంతతో వాగునీళ్ళు తెచ్చి ఇచ్చాడు. బాబాయిగారు కళ్ళు మూసుకుని తాగేశారు. తాగి, షెడ్డు గోడకి ఆనుకుని కూర్చుని చావు కోసం ఎదురుచూశారు. కాసేపటికి ఆకలి వేసింది.

మర్నాడు పొద్దున్న బండి కట్టించుకుని పోస్టాఫీసుకి వెళ్ళి, మా ఫ్యాక్టరీకి టెలిగ్రాం కొట్టారు. ఆఫీసు టపా విప్పేది నేనే. "జాయిన్డ్ డ్యూటీ. నో ఫ్యాక్టరీ. అడ్వైజ్."

మేనేజరుగారు అది చదివి చింపి బుట్టలో వేశారు. కానీ మధ్యాహ్నానికల్లా ఫ్యాక్టరీ అంతటికీ తెలిసిపోయింది. ఎలా తెలిసిందో నన్ను అడగొద్దు. తర్వాతి వారం ఇంకోటి. "స్టిల్ ఆన్ డ్యూటీ. గోట్స్ ఇన్‌సైడ్. అడ్వైజ్." ఆ పై వారం గాలివాన వచ్చినట్టుంది. "రూఫ్ గాన్. గోట్స్ సేఫ్. అడ్వైజ్."

మేనేజరుగారు ఏమని అడ్వైజ్ చేస్తారు? రమ్మంటే బదిలీ ఉత్తిదే అని ఒప్పుకున్నట్టు. ఉండమంటే లేని ఫ్యాక్టరీకి జీతం ఇచ్చినట్టు. ఊరుకున్నారు. ఫిట్టరు మేస్త్రి ఊరుకోలేదు. మిగిలినవాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించి బెజవాడ లేబరాఫీసరుకి అర్జీ ఇచ్చాడు. ఆఫీసరుగారు ఆర్డర్లు ఆపమని, అందరూ విచారణకి రమ్మని కబురు పెట్టారు. బాబాయిగారిని కూడా రప్పించమన్నారు.

ఫిట్టరు మేస్త్రి వాదన అంతా బాబాయిగారి ఒంటిమీదే కట్టుకున్నాడు. "అసలే పీలమనిషి. అక్కడి నీళ్ళకి ఈపాటికి సగం అయిపోయుంటాడు. ఆయన్ని చూపిస్తే చాలు, ఆఫీసరుగారి గుండె కరిగిపోద్ది" అన్నాడు. అవసరమైతే మెట్లు ఎక్కించడానికి ఇద్దరు మనుషుల్ని కూడా సిద్ధంగా ఉంచాడు.

విచారణ రోజున బాబాయిగారు ఆ ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చారు. నేను గుర్తుపట్టలేదు. బుగ్గలు వచ్చాయి. చొక్కా బొత్తాలు బిగుతుగా ఉన్నాయి. చెవులకి తుండు లేదు. ఎండకి కమిలి రాగిచెంబులా మెరుస్తున్నారు. ఫిట్టరు మేస్త్రి ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, "ఎంత పని చేశారు బాబాయిగారూ!" అని తల పట్టుకున్నాడు.

"ఏం చేశానయ్యా?"

"తిన్నారు!"

"ఆ వాచ్‌మనూ వాళ్ళావిడా జొన్నరొట్టెలు పెట్టారు మరి. వద్దంటే ముసలాళ్ళు బాధపడతారు."

లోపల మా మేనేజరుగారి ఆనందం ఇంతా అంతా కాదు. "చూడండి సార్, బదిలీవల్ల ఆరోగ్యం పాడవుతుందని అర్జీలో రాశారు. మీరే చూడండి" అన్నారు. లేబరాఫీసరు కళ్ళజోడు సవరించుకుని చూశారు. బాబాయిగారు ఆయన దగ్గరికి నడిచి, బల్లమీదికి వంగి నాలుక చాపారు. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఒక గవర్నమెంటు ఆఫీసరు ఆయన నాలుకని శ్రద్ధగా పరీక్షించారు.

"బాగానే ఉందే!" అన్నారు ఆఫీసరుగారు.

మా ఉద్యోగాలన్నీ ఆ నాలుక మీదే ఉన్నాయి. బాబాయిగారు నిటారుగా నిలబడ్డారు. నాడి చూసుకోలేదు.

"బాగానే ఉంటుందండీ. ఎందుకుండదు? వెళ్ళిన దగ్గర్నుంచీ నేను చేసిన పని మేకలు కాయడం. కంపెనీ జీతానికి మేకలు కాస్తే ఎవరి ఒళ్ళయినా బాగుంటుంది. నా ఒంటి సంగతి వదిలేయండి. ఫ్యాక్టరీ ఎక్కడుందో మేనేజరుగారిని అడగండి. నేను ఎంత వెతికినా కనపడలేదు."

ఆఫీసరుగారు మేనేజరుగారి వైపు తిరిగారు. "ఎక్కడుందండీ?"

"ప్లానింగు స్టేజిలో ఉంది సార్."

"కరెంటు వచ్చిందా?"

"అప్లై చెయ్యబోతున్నాం సార్."

"మరి అక్కడ ఈ అమ్మాయి ఏం టైపు చేస్తుంది? మేకల పేర్లా?"

మేనేజరుగారు ఇంగ్లీషులోకి వెళ్ళబోయారు గానీ, ఆఫీసరుగారు అప్పటికే అక్కడున్నారు. వాళ్ళిద్దరూ చాలాసేపు ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు. ఎక్కువ ఆఫీసరుగారే మాట్లాడారు.

ఆ రోజుతో తేలిపోలేదు. ఇంకా వాయిదాలు పడ్డాయి, కంపెనీ తరఫున ప్లీడరు వచ్చాడు. చివరికి ఆర్డర్లు రద్దయ్యాయి. ఉండదలచినవాళ్ళు ఉండవచ్చు, పోదలచినవాళ్ళకి చట్టప్రకారం ఇవ్వాల్సింది ఇచ్చి పంపాలి. నా ఉద్యోగం నాకు దక్కింది, తమ్ముడి చదువు ఆగలేదు. మొదట్లోనే రాజీనామా మీద సంతకం పెట్టేసిన ఆరుగురికి మాత్రం ఏమీ రాలేదు. వాళ్ళలో లేబుళ్ళ సెక్షను చూసే ఆయన చాలాకాలం రోడ్డుమీద ఎదురైనా మాతో మాట్లాడేవాడు కాదు. మాకూ ఏం మాట్లాడాలో తెలిసేది కాదు.

బాబాయిగారు ఇల్లు చేరగానే నూతి దగ్గరికి వెళ్ళి చేద వేసి, కడుపు నిండా తాగారు. తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. జీవితంలో మొదటిసారి నిజంగా జబ్బుపడ్డారు. ఆస్పత్రిలో చేర్చారు. నేను చూడటానికి వెళ్తే మంచంమీద కూర్చుని ఆశ్చర్యంగా తనలో తనే అనుకుంటున్నారు. "ఇదన్నమాట జబ్బంటే! ఇన్నాళ్ళూ నాకు వచ్చింది ఇది కాదమ్మాయ్. ఇది వేరే." కోలుకున్నాక మాతో పాటు ఫ్యాక్టరీ బోరునీళ్ళే తాగడం మొదలుపెట్టారు. నాలుక చూపించడం మానేశారు. మొదట్లో మాకు హాయిగా అనిపించింది గానీ, కొన్నాళ్ళకి పొద్దున్నే స్టోర్సు మీదుగా వెళ్తుంటే ఏదో వెలితిగా ఉండేది. ఒకసారి ఫిట్టరు మేస్త్రే ఉండబట్టలేక, "ఏదీ, ఒకసారి చూపించండి బాబాయిగారూ" అని అడిగాడు. "ఎందుకయ్యా, నాకేం జబ్బని!" అని కసిరారు.

ఆయన రిటైరయ్యాక చాలా ఏళ్ళు బతికారు. ఎనభై దాటాక, ఏ జబ్బూ లేకుండా, భోంచేసి నడుం వాల్చి పోయారు. అప్పటికి నేను పెళ్ళయి బాపులపాడులో ఉంటున్నాను. కబురు ఆలస్యంగా తెలిసి, పదకొండో రోజున వెళ్ళాను. పిన్నిగారు ఏడవట్లేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాత సంగతులన్నీ తవ్వింది. మైలవరం పెళ్ళి, కండక్టరు, మేకల టెలిగ్రాములు. ఇద్దరం నవ్వుకున్నాం.

"అందరం ఎంత నవ్వామో పిన్నిగారూ, ఆయన బస్సెక్కుతుంటే" అన్నాను.

"మీరు నవ్వారు. ఆయనకి తెలుసు తను తిరిగి రానని. నిజంగానే పోతాననుకున్నారు" అందావిడ. "ఆ పొద్దున్న తలంటుకున్నారు. ఉన్న మంచి చొక్కా దాచి, పాతది తొడుక్కున్నారు, మంచిది పాడవుద్దని. గుమ్మం దిగుతూ వెనక్కొచ్చి నాతో ఏమన్నారో తెలుసా? నన్ను తీసుకొస్తే తిన్నగా ఇంటికి తేనీకే, ముందు ఫ్యాక్టరీ గేటు ముందు దింపించు. డ్యూటీలో పోయాడని మేనేజరుచేత ఒప్పించుకుని, అప్పుడే లేపించు. నీకు బతకడానికి దారుంటుంది, మిగతావాళ్ళనీ ఇంక అక్కడికి పంపరు, అన్నారు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? సరే, బస్సు టైమవుతోంది, ఎక్కండి అన్నాను."

అప్పటిదాకా ఏడవని పిన్నిగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి, ఆ ఏడుపులోనూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే నా భుజంమీద తల పెట్టుకుంది.